చెన్నయ్య సార్ రాయి

చెన్నయ్య సార్ అడవిలో అడుగు పెడితే ఆయన కాలిజోడులో రాయి పడేది. ఒకసారి కాదు. పోయిన ప్రతిసారీ, ఒక్కొక్క నడకలో ఏడెనిమిది సార్లు. నల్లమలలో ఎన్ని రాళ్లున్నాయో నాకు తెలియదు. అవన్నీ ఆయన పాదం కొలత తెలిసినవేనని మాత్రం మా బడిలో అందరం నమ్మేవాళ్లం.

వనపర్తిలో పాత టాకీసు వెనక మాదొక ప్రైవేటు బడి. ఏడుగురు పంతుళ్లం. చెన్నయ్య సార్ లెక్కలు చెప్పేవాడు. ఇటిక్యాల వైపు రైతు కుటుంబం. యాభై దాటిన మనిషి. పొడుగు, సన్నం, ఎప్పుడూ తెల్ల చొక్కా. మాట తక్కువ. అబద్ధం అసలు లేదు. పిల్లవాడి లెక్క తప్పయితే, దగ్గరగా వచ్చిందని కూడా అనేవాడు కాదు.

నేను 2001 జూన్‌లో అక్కడ డ్రిల్లు సారుగా చేరాను. నా పేరు జగదీశ్. అప్పుడు నాకు ఇరవై ఆరేళ్లు. మెడలో ఒక ఈల, ఛాతీలో ఒక ఈల. మెడలోది అందరికీ కనిపించేది. ఛాతీలోది ఉబ్బసం, చిన్నప్పటి నుంచీ ఉన్నది. పరుగెత్తించడం నాకు బాగా వచ్చు. పరుగెత్తడమే రాదు.

మా హెడ్మాస్టరు ఆశీర్వాదం సార్. బడి కూడా ఆయనదే. చేర్చుకునే రోజు నన్ను కింది నుంచి పైదాకా చూసి ఒకటే అడిగాడు.

"ఏమన్న రోగాలు గిట్ల ఉన్నయా?"

"లేవు సార్."

"మంచిది. పోయిన డ్రిల్లు సారుకు నడుము పడ్తుండె. నాకు చెప్పలే. మూడు నెలలకే పంపించిన."

ఆ రోజు నుంచి పీల్చే మందు డబ్బీని మేజోడులో దాచుకొని తిరిగాను. ఇంట్లో నా జీతం మీద నలుగురు బతుకుతున్నారు. నా ఊపిరి సంగతి ఆ మేజోడు దాటి బయటకు రాకూడదు.

కార్తీకంలో ఒక ఆదివారం మా బడి పంతుళ్లందరం వనభోజనానికి పోవడం ఆనవాయితీ. పక్క బడులవాళ్లు ఊరి బయట మామిడితోటకు పోయి మధ్యాహ్నానికల్లా ఇల్లు చేరేవాళ్లు. మా బడీ అంతకుముందు తోటకే పోయేదట, నేను చేరిన ఏటి నుంచి ఆశీర్వాదం సార్‌కు తోట ఆనలేదు. "వనభోజనమంటే వనం ఉండాలె కదా. తోట వనమెట్లయితది?" అనేవాడు. ఆయన క్రైస్తవుడు. కార్తీకంతో పనిలేదు, అడవితోనూ పులిహోరతోనూ ఉంది. తెల్లవారకముందే తుఫాను జీపు కట్టించేవాడు. నాగర్‌కర్నూల్ దాటి, అచ్చంపేట బస్టాండులో చాయ తాగి, మన్ననూరు ఫారెస్టు గేటు దగ్గర ఆగేవాళ్లం. ఆ రోజుల్లో అక్కడ పోలీసులు పేర్లు రాసుకునేవాళ్లు.

"అడవిల ఏం పని?"

"భోజనం," అనేది ఉమ టీచర్, ఒడిలో పులిహోర గంగాళం పట్టుకొని. హిందీ చెప్పేది. నోరు చురుకు. "జర రుచి చూస్తరా?"

ఆకులో పెట్టిస్తే పేర్లు రాయడం త్వరగా అయ్యేది.

గేటు దాటి కొంతదూరం పోయాక ఒక చెంచు పెంట, ఏడెనిమిది ఇళ్ల గూడెం. అక్కడ బండి దిగేవాళ్లం. ముత్తయ్య దారి చూపించేవాడు. ఫారెస్టువాళ్లకు మంటల కాపలా పని చేసేవాడు. ఆయన భార్య ఈదమ్మ మా అందరికీ కుండ నీళ్లిచ్చి, ఏడాదిలో ఎవరు లావయ్యారో ఎవరు సన్నబడ్డారో ముఖం మీదే చెప్పేది. పెంట నుంచి కాలిబాట పట్టి పోతే ఒక పెద్ద ఎక్కుడు. ఎక్కుడు దాటితే ఉసిరిచెట్టు. దాని తర్వాత ఇంకొక ఎక్కుడు. అవతల దుప్పుల గుండం. ఎండాకాలంలో కూడా నీళ్లుంటాయని, దుప్పులు దిగి తాగిపోతాయని, నీళ్లు అడుగు కనిపించేంత తేటగా ఉంటాయని ముత్తయ్య చెప్పేవాడు. ఆ గుండం చూడాలన్నదే మా అందరి కోరిక.

నియమాలు రెండు. ఒకటి ఉమ టీచర్‌ది. ఒంటిగంట కొట్టిందంటే ఎక్కడున్నా కూర్చొని తినాలి, తిన్నాక ఎవరూ ఎక్కకూడదు. రెండోది గేటుది. పొద్దు గూకకముందే బయటపడాలి. పన్నెండూ ముప్పావు లోపు ఉసిరిచెట్టు చేరితే గుండం దొరుకుతుంది. లేకపోతే లేదు.

మొదటి ఏడు పెంట దాటి ఎక్కుడు మొదలయింది. ముందు ముత్తయ్య. ఆయన వెనక సైన్సు సార్ రామకృష్ణ. ఆయన చేతికి నొక్కితే నిమిషాలు లెక్కపెట్టే గడియారం ఉండేది. బండి దిగగానే నొక్కేవాడు. తర్వాత మిగతావాళ్లు. చివర్లో చెన్నయ్య సార్, ఆయన వెనక నేను. డ్రిల్లు సారు అందరికన్నా వెనక ఉండాలి, ఎవరూ తప్పిపోకుండా, అని నేనే నియమం పెట్టాను. అసలు కారణం వేరని చెప్పనక్కర్లేదు.

రెండో మలుపు తిరిగామో లేదో, చెన్నయ్య సార్ నిలబడ్డాడు.

"ఆగుండ్రి. రాయి వడ్డది."

బండ మీద కూర్చున్నాడు. తొందర లేదు. చెప్పు విప్పాడు. తలకిందులు చేసి మూడుసార్లు తట్టాడు. లోపల వేలితో తుడిచాడు. కంటి దగ్గర పెట్టుకొని, బోర్డు మీద లెక్క సరిచూసినట్టు చూశాడు. మళ్లీ తొడుక్కున్నాడు. లేచాడు. రామకృష్ణ గడియారం చూసుకున్నాడు.

రెండు మలుపుల తర్వాత మళ్లీ. "ఆగుండ్రి."

ముత్తయ్యకు చెప్పుల్లేవు. ఆయనకు ఇది వింతగా తోచింది. "చెప్పుల్లేని నాకు దొరకని రాయి, చెప్పులున్న నీకెట్ల దొరుకుతుంది సారూ?"

"అదే నాకు తెల్వదు ముత్తయ్యా," అన్నాడు చెన్నయ్య సార్.

ఆయన రాయి తీసుకునేలోపు ముత్తయ్య మాకు ఏదో ఒకటి చూపించేవాడు. ఎలుగుబంటి గీరిన మాను. కొమ్మకు వేలాడే తేనెపట్టు. ముళ్లపంది రాల్చిన ముల్లు. అందరూ అటు తిరిగి చూసేవాళ్లు. నల్లమల గురించి మాకు తెలిసినదంతా చెన్నయ్య సార్ చెప్పు విప్పినప్పుడు తెలిసిందే.

అందరికన్నా గట్టిగా విసుక్కునేవాణ్ణి నేను. విసుక్కోవడానికి కూడా ఊపిరి కావాలి. ఆయన చెప్పు విప్పి తొడిగేలోపు ఆ ఊపిరి నాకు తిరిగి వచ్చేది. దాన్నంతా ఆయన మీదే ఖర్చు పెట్టేవాణ్ణి.

"గిట్ల చేస్తే గుండం ఎప్పుడు చూస్తం సార్?"

"గుండం ఏడికి పోతది జగదీశ్. ఆడనే ఉంటది."

ఉసిరిచెట్టు చేరేసరికి ఒంటిగంట. ఉమ టీచర్ గంగాళం దించింది. ఆ ఏడు గుండం చూడలేదు.

రెండో ఏడు దసరా సెలవుల ముందు అందరం కలిసి ఆయనకు బూట్లు కొన్నాం. తెల్ల గుడ్డ బూట్లు, చీలమండ దాకా తాళ్లు. పంతుళ్ల గదిలో కూర్చోబెట్టి ఇచ్చాం.

"ఏందిది?" అన్నాడు.

"సన్మానం సార్," అంది ఉమ టీచర్. "శాలువా మీద కప్పుతరు. మేము కింద కప్పుతున్నం."

ఆయన బూట్లు ఒళ్లో పెట్టుకొని కొంచెంసేపు చూశాడు. "మంచిగున్నయి," అన్నాడు. నిజంగానే సంతోషపడ్డాడు.

కార్తీకం వచ్చింది. ఎక్కుడు వచ్చింది. రెండో మలుపు వచ్చింది.

"ఆగుండ్రి. రాయి వడ్డది."

మేం చేసిన తప్పు అప్పుడు తెలిసింది. చెప్పు విప్పి తొడగడానికి రెండు నిమిషాలు. బూటు తాళ్లు విప్పి, వదులు చేసి, తీసి, తట్టి, తుడిచి, చూసి, తొడిగి, మళ్లీ ఒక్కొక్క బొక్కలో తాడు బిగించడానికి నాలుగు నిమిషాలు. రామకృష్ణ గడియారం పెట్టి మరీ చూశాడు. రాళ్లు ఎనిమిది. ఉసిరిచెట్టు చేరేసరికి ఒంటిగంటా పది. ఉమ టీచర్ దారి మధ్యలోనే గంగాళం దించబోతే బతిమాలి తీసుకుపోయాం.

మూడో ఏడు రామకృష్ణ దీన్ని శాస్త్రీయంగా తేల్చదలిచాడు. పెంట దగ్గర చెన్నయ్య సార్‌ను అరుగు మీద కూర్చోబెట్టి, గేటు దగ్గర పోలీసుల్లాగా సోదా చేశాడు. బూట్లు దులిపాడు. లోపల చెయ్యి పెట్టి తడిమాడు. మందపాటి మేజోళ్లు తొడిగించాడు. తాళ్లు తనే బిగించి రెండు ముళ్లు వేశాడు.

"రాయి లేదు," అని అందరికీ చెప్పాడు.

ఈదమ్మ నీళ్లకుండ పట్టుకొని చూస్తోంది. "ఆ సారుకు రాయే దొరకకుంటే మా అడవికి పేరు పోతది," అంది.

రాళ్లు ఏడు.

మూడో రాయి దగ్గర రామకృష్ణ ఓర్చుకోలేకపోయాడు. "ఆ రాయి ఏది సార్? ఒకసారి చూపియ్యిండ్రి."

చెన్నయ్య సార్ గుప్పిట విప్పాడు. రేగ్గాయంత తెల్లటి రాయి. నున్నగా, గుండ్రంగా ఉంది. మేం నడుస్తున్న బాటంతా ఎర్రటి గరుకు రాళ్లు, అంచులు పదునుగా ఉన్నవి. ఈ రాయి ఆ రాళ్ల చుట్టం కాదు. సైన్సు సార్ చూశాడు. హిందీ టీచర్ చూసింది. నేనూ చూశాను. ఎవరికీ ఏమీ తోచలేదు.

"శాస్త్రం దీన్ని ఒప్పుకోదు సార్," అన్నాడు రామకృష్ణ.

"నా కాలు ఒప్పుకున్నది," అన్నాడు చెన్నయ్య సార్. రాయిని గుప్పిట్లోనే ఉంచుకున్నాడు.

"పారెయ్యుండ్రి సార్."

"పారేస్తే మల్ల ఎవలి కాల్ల పడ్తదో."

నాలుగో ఏడు బస్టాండు దగ్గర చెప్పులు కుట్టే కృష్ణయ్య చేత బూట్ల పైన చుట్టూ తోలుపట్టీ కుట్టించాం. పిక్క దాకా వస్తుంది. తాడేసి బిగిస్తే ఈగ కూడా దూరదు. "ఇగ దీంట్లకు నీళ్లు గుడ పోవు," అన్నాడు కృష్ణయ్య. నీళ్ల సంగతి తెలియదు. రాళ్లు ఎనిమిది పోయాయి. ఒక్కొక్క రాయికి ఆరు నిమిషాలు. రామకృష్ణ ఆ రోజు పులిహోర కూడా సరిగ్గా తినలేదు. రాయి బయటి నుంచి రావడం లేదు, బూటులోనే పుడుతోంది అన్నాడు.

ఒక్క విచిత్రం ఏమిటంటే, ఊళ్లో ఆయనకు రాయి పడేది కాదు. బజారులో, బడిలో, ఇటిక్యాలలో తన చేను గట్ల మీద, ఎక్కడా లేదు. ఒక్కసారి మాత్రం పడింది. 2005 పంద్రాగస్టు రోజు. బడి పిల్లలందరినీ వరుసలో నడిపించుకొని మైదానానికి పోతున్నాం. ముందు నేను. దారి మిట్ట ఎక్కుతుంది. సగం మిట్టలో నా ఈల ఊదితే మోగలేదు. ఊదడానికి లోపల ఏమీ లేదు. అప్పుడే వెనక నుంచి వినిపించింది.

"ఆగుండ్రి. రాయి వడ్డది."

రెండు వందల మంది పిల్లలు నిలబడినచోటే కాళ్లు ఆడిస్తూ నాలుగు నిమిషాలు నిలబడ్డారు. ఆశీర్వాదం సార్ జెండా పట్టుకొని వెనక్కి వచ్చాడు.

"సిమెంటు రోడ్డు మీద రాయి ఎక్కడిది చెన్నయ్యా?"

"ఉంటది సార్. చిన్నది."

నాకు ఆ రోజు పట్టరాని కోపం వచ్చింది. ఊరంతా చూస్తుండగా నా కవాతు ఆగిపోయింది. ఆ కోపంతో మిట్ట మిగతా సగం సులభంగా ఎక్కేశాను.

2006లో ఆయన్ని వనభోజనానికి వద్దనాలని పంతుళ్ల గదిలో మాట ఎత్తింది నేనే. గుండం చూడాలని అందరికన్నా నాకే ఎక్కువగా ఉండేది. ఐదేళ్లుగా ఆ ఎక్కుడు ఎక్కి దిగుతున్నాను. ఒక్కసారీ ఆయాసంతో పట్టుబడలేదు. నా ఉబ్బసం తగ్గిపోయిందని నమ్మాను. ఇంకొక ఎక్కుడు కూడా ఎక్కగలనని నాకు నేను చూపించుకోవాలి. అడ్డం చెన్నయ్య సార్ ఒక్కడే.

"మంచి మనిషి," అన్నాడు ఆశీర్వాదం సార్.

"మంచి మనిషే సార్," అంది ఉమ టీచర్. "కాళ్లే మంచియి కావు."

"ఎవరు చెప్తరు ఆయనకు?"

"నేను చెప్త," అన్నాను.

సాయంత్రం ఆయన ఇంటికి పోయాను. చాప మీద కూర్చొని నోటుబుక్కులు దిద్దుతున్నాడు. వారం రోజులు తయారుచేసుకున్న మాట రెండు ముక్కల్లో అయిపోయింది.

"అట్లనా," అన్నాడు. దిద్దుతున్న లెక్క పూర్తిచేశాడు. కలానికి మూత పెట్టాడు. "నువ్వు పోతున్నవా?"

"నేను పోకుంటే ఎట్ల సార్. డ్రిల్లు సార్ని."

"ముందల రామకృష్ణ నడుస్తడా?"

"ఆయనే."

"గడియారం పెట్టుకుంటడా?"

"పెట్టుకుంటడు సార్."

ఆయన లేచి లోపలికి పోయాడు. బూట్లతో వచ్చాడు. తెల్లగా తుడిచి ఉన్నాయి. కృష్ణయ్య కుట్టిన తోలుపట్టీకి నూనె రాసి ఉంది.

"తీస్కపో. మన ఇద్దరి కాలు ఒక్కటే."

"వద్దు సార్."

"అందరు కలిసి కొన్న బూట్లు. అడవికి పోతనే మంచిది."

ఆయన భార్య బుజ్జమ్మ వంటింట్లో నుంచి అంది. "తీస్కపో సారూ. ఇంట్లుంటే దినాము అవ్విటినే తుడుస్తుండు. ఇల్లు తుడువుమంటే తుడువడు."

తీసుకున్నాను. బండి దగ్గర అందరికీ చెప్పి నవ్వుకోవచ్చనుకున్నాను.

ఆ ఆదివారం పెంట దగ్గర దిగగానే ఈదమ్మ మమ్మల్ని లెక్కపెట్టింది.

"మా రాళ్ల సారు ఏడి?"

"రాలేదమ్మా."

"పానం మంచిగ లేదా?"

నేను బూట్లు తెచ్చుకోవడానికి బండి వైపు తిరిగాను. ఆమె కుండ నీళ్లు పోసింది. ఎవరు లావయ్యారో చెప్పలేదు.

ముత్తయ్య మాత్రం నా వైపు చూశాడు. "నువ్వు వస్తున్నవా సారూ?" అన్నాడు. చెన్నయ్య సారూ ముత్తయ్యా ఇద్దరూ నన్ను ఒకే మాట అడిగారని అప్పుడు పట్టించుకోలేదు.

అరుగు మీద కూర్చొని బూట్లు తొడుక్కున్నాను. కుడికాలి వేలికి ఏదో తగిలింది. చెయ్యి పెట్టి తీస్తే కాగితం ఉండ. విప్పితే రాయి. తెల్లటిది, నున్నటిది, రేగ్గాయంత.

"చూడుండ్రి," అన్నాను. "సార్ రాకున్నా రాయి వచ్చింది."

అందరం నవ్వాం. ముత్తయ్య నవ్వలేదు. భోజనాల దగ్గర ఇంకోసారి నవ్వుకోవచ్చని రాయిని చొక్కా జేబులో వేసుకున్నాను. తాళ్లు బిగించాను. తోలుపట్టీ బిగించాను. రామకృష్ణ గడియారం నొక్కాడు.

ఎక్కుడు మొదలయింది. మొదటి మలుపు. రెండో మలుపు. ఎవరూ ఆగలేదు. అడవి ఎప్పుడూ లేనంత తొందరగా పక్క నుంచి పోతోంది. ఎలుగు గీరిన మాను వచ్చింది, పోయింది. ఎవరూ చూడలేదు. మూడో మలుపు దగ్గర ఛాతీలో ఈల మొదలయింది. నాలుగో మలుపు దగ్గర అది మెడలో ఈలకన్నా గట్టిగా ఉంది. ముందు నడిచేవాళ్లు మాట్లాడుకుంటున్నారు కాబట్టి వినలేదు. నా ముందు ఒక మనిషి పట్టేంత జాగా ఖాళీగా ఉంది. ఐదేళ్లు అక్కడ చెన్నయ్య సార్ నడిచాడు.

మందు మేజోడులో ఉంది. మేజోడు తోలుపట్టీ కింద ఉంది. తోలుపట్టీకి పన్నెండు బొక్కలు. ఆగి, కూర్చొని, తాళ్లన్నీ విప్పితే తప్ప అందదు. ఎందుకు ఆగావంటే ఏం చెప్పాలి? ముందు ఆశీర్వాదం సార్ నడుస్తున్నాడు. నూరు కిలోల మనిషి, దమ్ము తీసుకోకుండా కీర్తన పాడుకుంటూ ఎక్కుతున్నాడు. చెట్లు మసకబారాయి. ఛాతీ మీద చెయ్యి వేసుకున్నాను. చేతికింద జేబులో రాయి తగిలింది.

కూలబడ్డాను.

"ఆగుండ్రి," అన్నాను. "రాయి వడ్డది."

ఆ మాట నా నోటిలో చెన్నయ్య సార్ గొంతులాగే, అంతే నెమ్మదిగా వచ్చింది. గట్టిగా అనడానికి ఊపిరి లేదు మరి. అందరూ ఒక్కసారి వెనక్కి తిరిగారు. రామకృష్ణ ముఖం ఇప్పటికీ గుర్తుంది. ఐదేళ్లు వెంటబడిన దయ్యం ఊరొదిలి వచ్చినా ఎదురైనట్టు చూశాడు.

అంతలో ముత్తయ్య వాళ్లకూ నాకూ మధ్యలోకి వచ్చి నిలబడ్డాడు. "ఇటు చూడుండ్రి సార్లూ, ఇటు. పొద్దుగాల్నే ఎలుగు పుట్ట తవ్వింది. మన్ను ఇంకా తడిగున్నది." అందరూ అటు వంగారు. నేను ఇటు వంగి, తాళ్లు విప్పి, మేజోడులో చెయ్యి పెట్టి, మందు పీల్చుకున్నాను. ఆరు నిమిషాలు. బూటు తీశాను. తలకిందులు చేశాను. మూడుసార్లు తట్టాను.

ముత్తయ్య నా వైపు తిరగకుండానే మెల్లగా అన్నాడు. "తొందర లేదు సారూ. పుట్ట పెద్దగనే ఉన్నది."

నాకు అంతా అప్పుడు అర్థమయింది. ఊపిరి తిరిగొచ్చింది కాని విసుక్కోవడానికి అక్కడ ఎవరూ లేరు.

ఉసిరిచెట్టు చేరేసరికి ఒంటిగంటా ఐదు. ఉమ టీచర్ గంగాళం దించింది. "మనం మనిషిని వదిలిపెట్టొచ్చినం," అంది. "రాయిని వదలాల్సింది."

సోమవారం బడి వదిలాక రాయి తీసుకొని చెన్నయ్య సార్ దగ్గరికి పోయాను. తరగతి గదిలో బోర్డు తుడుస్తున్నాడు. బల్ల మీద రాయి పెట్టాను. ఆయన దాన్ని చూసి, నన్ను చూశాడు.

"ఎన్నిసార్లు వడ్డది?"

"ఆరుసార్లు సార్."

"నాకు ఎనిమిది వడ్తుండె." వేళ్ల మీద ఏదో లెక్క చూసుకున్నాడు. "జర తగ్గిందన్నట్టు. మంచిదే."

"మీకు ఎప్పటి నుంచి తెలుసు సార్?"

"మొదటి ఏడే. నా వెనక రెండు ఈలలు. ఒకటి ఊగుతుండె, ఒకటి మోగుతుండె. ముత్తయ్యకు నాకంటె ముందుగాల్నే తెలుసు. నక్క దగ్గినా ఇంటడు ఆయన."

"నాకన్నా చెప్పి ఉంటే..."

"చెప్తే నువ్వు అడవికే రాకపోదువు. ఉద్యోగం గుడ వదిలి పోతుంటివి. ముఖం చూస్తే తెలుస్తుండె."

"మరి ఈ రాయి?"

"బీచుపల్లి కాడ కృష్ణ ఒడ్డుకు ఏరిన. నున్నగుండాలె కదా, గరుకుదైతే కాలు కోస్తది."

ముందు అర్థం కాలేదు. తర్వాత అర్థమయింది. అర్థమయ్యాక కూడా నమ్మలేదు.

"నిజంగనే బూట్ల వేసుకొని నడిచిన్రా సార్?"

"రాయి వడ్డదని చెప్తున్న కదా," అన్నాడు, అది కూడా అడగాలా అన్నట్టు. "పడనిది పడ్డదంటే ఎట్ల? ఎక్కుడు రాంగనే వేస్కుంటుంటి. తీసినంక మల్ల వేస్కుంటుంటి. సోదా చేసిన ఏడే జర పరేషాన్ అయిన. తాళ్లు రెండు ముళ్లేసి పెట్టిండు రామకృష్ణ. విప్పి వేసుకోను పొదల చాటుకు పోవాల్సి వచ్చింది."

ఐదేళ్లు. ఏడాదికి ఏడెనిమిది సార్లు. అబద్ధం ఆడకూడదని.

మర్నాడు నేనే పోయి ఆశీర్వాదం సార్‌తో చెప్పాను. చెన్నయ్య సార్ తలుపు బయట నిలబడ్డాడు. హెడ్మాస్టరు అంతా విన్నాడు.

"అంటే ఆరేండ్ల సంది గుండం చూడనియ్యనిది నువ్వా?"

"అవును సార్."

"నేను చెన్నయ్యను తిడుతుంటి." తలుపు వైపు చూశాడు. "దవాఖానకు పో. మంచి డాక్టరుకు చూపించుకో. మందు మేజోట్ల పెట్టకు, చెమటకు పాడైతది."

వారంలో మైదానంలో వేపచెట్టు కింద నా కోసం ఒక కుర్చీ వేయించాడు. కూర్చొని ఈల వేసే డ్రిల్లు సారు జిల్లా మొత్తంలో నేను ఒక్కణ్ణే అయి ఉంటాను.

మోకాళ్ల నొప్పులతో చెన్నయ్య సార్ 2008లో బడి మానేసి ఇటిక్యాల పోయాడు. మరుసటి ఏడు కృష్ణకు పెద్ద వరద వచ్చింది. వరద తీసిన నెలకు కార్తీకం. ఆయన చేనులో ఇసుక మేట వేసిందని విని, రాడనుకున్నాం. తెల్లవారకముందే బండి దగ్గర నిలబడి ఉన్నాడు. చేతిలో కర్ర. కాళ్లకు నేను తిరిగిచ్చిన అవే బూట్లు. నేను తోలుపట్టీ లేని కొత్త బూట్లు కొనుక్కున్నాను. డాక్టరు మందు మార్చాక నా ఛాతీ మూడేళ్లుగా నోరు తెరవలేదు.

పెంట దగ్గర ఈదమ్మ ఆయన్ని చూసి కుండ కింద పెట్టింది. "సన్నబడ్డవు సారూ," అంది. ఆ ఏడు ఇంకెవరి సంగతీ చెప్పలేదు.

రామకృష్ణకు అప్పటికి పొట్ట వచ్చింది. గడియారం ఉంది కాని నొక్కలేదు. చివర్లో చెన్నయ్య సార్, ఆయన వెనక నేను. మొదటి మలుపు దాకా కర్ర చప్పుడు సమంగా ఉంది. రెండో మలుపు దగ్గర రెండు చప్పుళ్ల మధ్య ఎడం పెరిగింది. ఆయన వెనక్కి తిరగలేదు. ఆగమనలేదు. అడిగే మనిషి కాదు.

సార్ నన్నే ఉంచుకొమ్మన్న రాయిని జేబులో నుంచి తీశాను. వంగి బూటులో వేసుకొని పది అడుగులు నడిచాను. నున్నటిదే అయినా బాగానే నొప్పి పెడుతుంది.

"ఆగుండ్రి," అన్నాను. "రాయి వడ్డది."

ముందున్న వాళ్లంతా ఆగారు. ఎవరూ విసుక్కోలేదు. ముత్తయ్య అప్పటికే చెట్టు మీద ఏదో చూపిస్తున్నాడు. చెన్నయ్య సార్ ఒక్కడే నా వైపు తిరిగి, కర్ర బండకు ఆనించి, నెమ్మదిగా కూర్చున్నాడు.

"గిట్ల చేస్తే గుండం ఎప్పుడు చూస్తం జగదీశ్?"

"గుండం ఏడికి పోతది సార్. ఆడనే ఉంటది."

బూటు విప్పి తలకిందులు చేశాను. మూడుసార్లు తట్టాను. రాయి బండ మీద పడింది. ఆయన దాన్ని చూశాడు. మోకాలు ఒకసారి రాసుకున్నాడు. నేను బూటు తొడుక్కోబోయాను.

"మల్లొకసారి దులుపు," అన్నాడు. "ఇంకొకటి ఉన్నట్టున్నది."